వాకిట్లో లైటు వెలుగుతూనే ఉంది

కిందటి వారం మార్లిస్ హోవ్‌ల్యాండ్‌ని పికప్ బండి దగ్గర వదిలిపెట్టాం. కడిగి తుడిచిన గిన్నెలు అట్టపెట్టె నిండా సర్దుకుని, భర్త గేలెన్‌ని పక్క సీట్లో ఎక్కించుకుని, ఆదివారం పొద్దున్నే హాల్డెన్ ఊళ్ళో ఫైర్ హాలుకి బయల్దేరింది. ఏటా సెప్టెంబరులో అక్కడ జరిగే పాన్‌కేకుల విందుకి ఊరంతా వస్తుంది. మార్లిస్ మాత్రం తినడానికి పోవడం లేదు. పోట్లాటకి పోతోంది.

ఎందుకో కొత్తగా చదివేవాళ్ళకి చెప్పాలి. జూన్‌లో ఒక సాయంత్రం సుడిగాలి వచ్చి హోవ్‌ల్యాండ్ వాళ్ళ ఇంటిని పునాదిదాకా ఊడ్చుకుపోయింది. ఆ పూట మార్లిస్ దూరాన, జిల్లా కేంద్రంలోని వృద్ధాశ్రమంలో డ్యూటీలో ఉంది. గేలెన్ నేలమాళిగ మెట్లు దిగుతుండగా పొగగొట్టం కూలి, సగం తలుపు మీదా సగం అతని కాలి మీదా పడింది. దార్లకి అడ్డంగా చెట్లు పడిపోయాయి, ఫోన్లు పోయాయి. ఆవిడ తెల్లారగట్ల నడుచుకుంటూ వచ్చి, వట్టి చేతులతో ఇటుకలు లాగి మొగుణ్ణి బయటికి తీసింది. నాలుగు గంటలు ముందు తెచ్చి ఉంటే కాలు దక్కేదమ్మా అన్నాడు పట్నం డాక్టరు. మోకాలి కిందకి తీసేశారు.

ఆ రాత్రంతా ఒక్క మనిషి రాలేదు. అరమైలు దూరంలో ఉండే ఆర్విన్ బ్రెకీ రాలేదు. ఆర్విన్ అంటే ఊరి ఫైర్ దళానికి పెద్ద, గేలెన్‌కి చిన్ననాటి నేస్తం. ఏటికి అవతల ఉండే గేలెన్ సొంత తమ్ముడు వెర్లిన్ కూడా రాలేదు. వంతెన మునిగిపోయింది వదినా, దాటలేకపోయాను అని ఆస్పత్రి వసారాలో నిలబడి ఏడ్చాడు గాని, అన్న గదిలోకి అడుగు పెట్టలేదు. అన్నదమ్ములిద్దరికీ మార్చి నుంచి మాటల్లేవు. ఎందుకో ఇద్దరూ ఆవిడకి చెప్పరు.

రేపు సోమవారం కాంక్రీటు లారీ వస్తుంది. గేలెన్‌కి అదే చోట, అదే పునాది మీద ఇల్లు కావాలి. మార్లిస్ ఒకటే మాట మీద కూర్చుంది. ఆ రాత్రి ఎందుకు రాలేదో నాకు తెలియాలి, అప్పటిదాకా ఈ మనుషుల మధ్య ఒక్క గమేళా సిమెంటు కూడా పోయనివ్వనంది.

* * *

ఫైర్ హాలు ముందు బండి ఆపితే గేలెన్ దిగనన్నాడు. కర్రలు సీటు వెనక ఉన్నాయి, తెచ్చిస్తానంది. వద్దన్నాడు. ఊరంతా తన పంట్లాము కాలు మడత పెట్టి పిన్ను గుచ్చిన చోటే చూస్తుందని అతని బాధ. అది ఆవిడకి తెలుసు, అందుకే బలవంతం చెయ్యలేదు.

"గిన్నెలిచ్చేసి వచ్చెయ్. గొడవ పెట్టుకోకు," అన్నాడు ముందు అద్దంలోంచి మొక్కజొన్న చేలకేసి చూస్తూ.

జూన్ నుంచీ ఇదే వరస. పోనీలే, అడక్కు, తవ్వకు. కాలు పోయినవాడికి లేని కోపం నీకెందుకు అన్నట్టు మాట్లాడతాడు. మార్లిస్‌కి ఆ నెమ్మది చూస్తేనే ఒళ్ళు మండిపోతుంది. తలుపు ధడాలున వేసి, పెట్టె చంకన పెట్టుకుని లోపలికి నడిచింది.

ఆ గిన్నెల సంగతి కూడా చెప్పాలి. ఆ జిల్లా జనానికి జాలేసినా, సిగ్గేసినా, తప్పు చేశామని మనసు పీకినా ఒకటే తెలుసు. నోరు విప్పరు, వంట చేస్తారు. గిన్నెలో ఇంత నూడుల్సు, కోడి మాంసం వేసి, పైన చీజు చల్లి, ఓవెన్లో పెట్టి, మెత్తటి గుడ్డలో చుట్టి తెచ్చి గుమ్మంలో పెట్టిపోతారు. అడుగున తెల్లటేపు మీద ఇంటిపేరు రాసి ఉంటుంది, గిన్నె తిరిగి రావాలి కదా. హోవ్‌ల్యాండ్ దంపతులు తలదాచుకున్న అద్దె ట్రెయిలరు ఇంటికి వేసవి అంతా ఈ గిన్నెలు వచ్చిపడ్డాయి. తెచ్చినవాళ్ళు ఎండ గురించి మాట్లాడారు, వాన గురించి మాట్లాడారు, పందుల ధర గురించి మాట్లాడారు. ఆ రాత్రి గురించి మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. మార్లిస్ ఒకసారి పెట్రోలు బంకు దగ్గర ఆర్విన్‌ని పట్టుకుని మొహం మీదే అడిగింది. అతను టోపీ సర్దుకుని, మబ్బేస్తోంది పోవాలని బండెక్కి వెళ్ళిపోయాడు. అసలు ఆకాశంలో మబ్బు తునక లేదు.

ఆ ఊళ్ళో గిన్నె ఖాళీగా తిరిగివ్వడం మర్యాద కాదు. నాలుగు బిస్కట్లో, తోటలో కాసిన రెండు టమాటాలో వేసి ఇస్తారు. మార్లిస్ తెచ్చిన గిన్నెలన్నీ ఖాళీ. అన్నీ ఖాళీగా ఉండేలా పనిగట్టుకుని చూసుకుంది.

హాల్లో ఉండే ఎర్రటి ఫైరింజన్లు బయటికి తోలేసి పొడుగు బల్లలు వేశారు. వెన్న కాగే వాసన, కాఫీ వాసన. పెద్ద పెనం ముందు నిలబడి పిండి పోస్తున్నది మరిది వెర్లిన్. బల్లల మధ్య కాఫీ కూజా పట్టుకు తిరుగుతున్నది అతని పెళ్ళాం ట్వైలా. ఆవిడ మార్లిస్‌ని చూసి నవ్వింది. చేతిలో పెట్టె చూసి ఆ నవ్వు సగంలో ఆపేసింది.

మార్లిస్ తలుపు దగ్గరి బల్ల నుంచి మొదలుపెట్టింది. గిన్నె తియ్యడం, అడుగున పేరు చూడడం, ఆ మనిషి పళ్ళెం పక్కన ఠక్కున పెట్టడం. ప్రతివాళ్ళనీ ఒకటే అడిగింది. తిన్నాం, బాగుంది, ఆ రాత్రి మీరెందుకు రాలేదు?

ఒకడు ఫోర్కు నోటిదాకా తీసుకెళ్ళి అక్కడే ఆపేశాడు. ఇంకొకావిడ గిన్నె ఒళ్ళో పెట్టుకుని దాని అంచులు తుడవడం మొదలుపెట్టింది. ఒకాయనకి ఉన్నట్టుండి షూ లేసు కట్టుకోవాల్సిన పని పడింది. వినపడనట్టు ఉంటే గొడవ దానంతటదే చల్లారుతుందని వాళ్ళ నమ్మకం. ముసలి హుల్డా ఒక్కతే నోరు తెరిచింది.

"నాకు ఎనభై దాటి రెండేళ్ళయింది తల్లీ. నేనొచ్చి ఏం తవ్వుతాను?"

"మీ మనవలున్నారుగా, దున్నల్లాగా ముగ్గురు," అంది మార్లిస్. ఆ ముగ్గురూ పక్కనే కూర్చుని ఉన్నారు. తలొంచుకుని పాన్‌కేకుల్లో మొహాలు దాచుకున్నారు.

ఆ సమయానికే, జిల్లా విపత్తుల ఆఫీసు నుంచి వచ్చిన అమ్మాయి గోడ దగ్గర తన బల్ల వెనక లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. పాపం, ఆ పిల్లకి హాల్లో ఏం జరుగుతోందో తెలియదు. గాలివాన సామాన్లన్నీ బల్ల మీద పరిచి పెట్టుకుంది. నీళ్ళ డబ్బాలు, టార్చిలైట్లు, చేత్తో తిప్పితే పలికే రేడియో, నేలమాళిగ మెట్ల మీద ఉంచుకోవాల్సిన పాత బూట్లు. ఒక్కోటీ ఎత్తి చూపించి, ఎక్కడ పెట్టుకోవాలో, ఎన్నాళ్ళకోసారి మార్చుకోవాలో చక్కగా చెప్పింది.

మార్లిస్ పెట్టె పట్టుకుని నిలబడి వింది. ఇవన్నీ ఆవిడ ఇంట్లో ఉండేవి. మే నెలలో ఇదే అమ్మాయి చెబితే విని, గేలెన్ వేళాకోళం చేస్తున్నా లెక్కచెయ్యకుండా అన్నీ కొని నేలమాళిగ అరల్లో సర్దింది. ఆ రాత్రి మంచినీళ్ళూ టార్చీ రేడియో అన్నీ అతని కళ్ళెదురుగానే ఉన్నాయి, ఒక్కటీ చేతికందలేదు. మెట్ల పక్కన మేకుకి తగిలించిన ఈల మాత్రం అందింది. ఇటుకలు తీసి చూసినప్పుడు ఆ ఈల అతని మెడలో ఉంది. ఊపిరున్నంతసేపు ఊది ఊది, వినేవాళ్ళు లేక సొమ్మసిల్లిపోయాడని ఆవిడ ఇన్నాళ్ళూ కుమిలిపోతోంది. ఆ ఈల ఇప్పుడు కూడా ఆవిడ కోటు జేబులో ఉంది.

"చివరిగా ఇది," అంటూ ఆ అమ్మాయి నారింజరంగు ఈల ఎత్తి చూపించింది. "గొంతు పోయినా ఇది పలుకుతుంది. మైలు దూరంలో ఉన్న పొరుగువాడికైనా వినపడుతుంది. సర్కారు రావడానికి రోజులు పట్టొచ్చు. ముందు వచ్చేది మీ పొరుగువాడే. అది మర్చిపోకండి."

మార్లిస్ పెట్టె నేల మీద పడేసింది. లోపల ఏదో పగిలింది.

"ఇంకోసారి చెప్పమ్మా. గట్టిగా చెప్పు. అదుగో, ఆ నీలం చొక్కా ఆయనకి వినపడేలా చెప్పు," అంది.

నీలం చొక్కా ఆయన ఆర్విన్ బ్రెకీ. గుమ్మం దగ్గర చందాల డబ్బా పక్కన కూర్చుని ఉన్నాడు. హాలంతా అటు తిరిగింది. ఆ అమ్మాయి చేతిలో ఈల అలాగే ఉండిపోయింది.

మార్లిస్ వదల్లేదు. మూడు నెలలుగా కడుపులో కుక్కుకున్నదంతా బయటికి వచ్చింది. మా గేలెన్ నీ గోదాము కప్పు వెయ్యడానికి ఒక వేసవంతా ఎండలో దాని మీదెక్కి కూర్చున్నాడు. నీకు గుండెపోటు వస్తే నీ సోయా చేను కోసిపెట్టాడు, సొంత చేను మంచులో వదిలేసి మరీ. నీ వంటింటి కిటికీలోంచి చూస్తే మా వాకిలి కనిపిస్తుంది. నడిచినా కాసేపట్లో వచ్చేవాడివి. ఇంత మనిషివి, ఇంత దళానికి పెద్దవాడివి, ఏ మొహం పెట్టుకుని ఇక్కడ కూర్చుని చందాలు వసూలు చేస్తున్నావు? ఇలా అందరి ముందూ కడిగిపారేసింది. ఆర్విన్ భార్య వద్దన్నట్టు చెయ్యెత్తింది గాని, ఎవరూ పట్టించుకోలేదు.

ఆర్విన్ లేచి నిలబడ్డాడు. భారీ మనిషి. టోపీ తీసి రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

"చూశాను," అన్నాడు.

"ఏం చూశావు?"

"మీ లైటు."

ఆ మాట అక్కడున్న ప్రతివాళ్ళకీ అర్థమైంది. ఆ పల్లెల్లో ప్రతి ఇంటి వాకిట్లోనూ పొడుగు స్తంభం మీద ఒక లైటు ఉంటుంది, పొద్దుగూకితే దానంతటదే వెలుగుతుంది. గాలివాన పోగానే మగవాళ్ళు చేసే మొదటి పని, మెట్ల మీదికొచ్చి చుట్టూ చూడడం. వెలుగుతున్న ఇల్లు బాగున్నట్టు, ఆరిన ఇంటికి పోవాలన్నట్టు. వాళ్ళ తాతల నాటి నుంచీ అదే పద్ధతి. ఏ ఆఫీసు అమ్మాయీ వచ్చి నేర్పింది కాదు.

"మా వైపు తీగలన్నీ తెగిపోయాయి. ఎటు చూసినా చీకటే, మీదీ చీకటే. రంపం తీసుకుని మీ ఇంటికే బయల్దేరాను మార్లిస్, ఒట్టు. బండెక్కి తాళం తిప్పుతుంటే మీ లైటు వెలిగింది. నా కళ్ళముందే వెలిగింది. హమ్మయ్య, గేలెన్ జనరేటర్ పెట్టుకున్నాడు, వాడు బాగానే ఉన్నాడనుకున్నాను. బండి అటు తిప్పేశాను." ఆర్విన్ టోపీ అంచు నలిపాడు. "చీకటిగా ఉన్న ఇళ్ళన్నిటికీ పోయాం. తూర్పు రోడ్డులో చంటిపిల్లని గోడ కిందనుంచి తీశాం. మళ్ళీ అర్ధరాత్రి దాటాక వస్తూ చూశాను. ఇంకా వెలుగుతోంది."

"మరి ఇన్నాళ్ళూ ఈ ముక్క నోట్లోంచి ఊడిపడలేదేం?"

"సాకు చెబుతున్నాననుకుంటావని. కాలు పోయినవాడి పెళ్ళానికి లైటు గురించి ఏం చెప్పను?"

మార్లిస్ అతని మొహంకేసి చూసింది. అబద్ధం ఆడే మొహం కాదది, ఆడటం చేతకాని మొహం. మూడు నెలలు పెంచుకున్న కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒక్క క్షణం తబ్బిబ్బయింది. అంతలో అతను చెప్పినదాంట్లో ఒక మాట ఆవిడకి మళ్ళీ వినిపించింది. నా కళ్ళముందే వెలిగింది.

గాలి పోయాక వెలిగింది. అప్పటికి గేలెన్ ఇటుకల కింద ఉన్నాడు.

ఆ జనరేటర్ దానంతటది ఆడే రకం కాదు. పందుల కొట్టం పక్క షెడ్డులో ఉంటుంది. ట్రాక్టర్ని వెనక్కి తోలి దాని దగ్గర పెట్టి, రెంటికీ మధ్య తిరిగే ఇనపకడ్డీ తగిలించి, ట్రాక్టర్ స్టార్ట్ చేసి, గోడ మీద పెద్ద మీట కిందకి లాగాలి. అప్పుడు కొట్టంలో ఫ్యాన్లు తిరుగుతాయి, దాంతోపాటు స్తంభం మీద లైటు వెలుగుతుంది. ఎవరో ఒకరు దగ్గరుండి చేత్తో చెయ్యాల్సిన పని అది. అందులోనూ ఆ ముసలి ట్రాక్టర్ స్టార్టరు పాడైపోయి ఉంది, స్క్రూడ్రైవర్ ఎక్కడ అడ్డం పెట్టాలో తెలిసినవాళ్ళకి తప్ప మాట వినదు.

పందులు బతికాయి. ఊరంతా ఆ విడ్డూరం చెప్పుకుంది. ఇల్లు ఎగిరిపోయింది, కరెంటు లేదు, ఆ ఉక్కలో కొట్టం నిండా పందులు ఒక్కటీ చావలేదు, దేవుడి దయ అన్నారు. మార్లిస్ కూడా అవునంది. తెల్లారి షెడ్డులో ట్రాక్టర్ ఆగిపోయి కనిపించింది, డీజిల్ అయిపోయి ఉంటుంది. మొగుడు ఆస్పత్రిలో ఉంటే ఆ ట్రాక్టర్ గురించి ఎవరు ఆలోచిస్తారు?

"ఆ రాత్రి మా వాకిట్లోకి వచ్చిందెవరు?" అంది. ఈసారి గొంతు పెంచలేదు. "మా ట్రాక్టర్ ముగ్గురి మాటే వింటుంది. నేను డ్యూటీలో ఉన్నాను. గేలెన్ ఇటుకల కింద ఉన్నాడు."

మూడోవాడి పేరు ఆవిడ చెప్పలేదు. అవసరం లేకపోయింది. పెనం మీద పాన్‌కేకు మాడుతోంది, పొగ వస్తోంది, వెర్లిన్ దాన్ని తిరగెయ్యడం లేదు. చేతిలో అట్లకాడ పట్టుకుని పొగలోకే చూస్తున్నాడు. పక్కనున్నవాడెవడో చెయ్యి చాచి మంట ఆపేశాడు.

"పికప్ వాకిట్లో లేదు," అన్నాడు వెర్లిన్. "అన్నయ్య ఊళ్ళోకి పోయి ఉంటాడనుకున్నాను."

కాఫీ కూజా బల్ల మీద పెట్టింది ట్వైలా. మెల్లిగా పెట్టింది, చప్పుడు కాలేదు. "వంతెన దాటలేదన్నావుగా. నాతో కూడా అదే చెప్పావుగా," అంది.

నిజంగానే పికప్ వాకిట్లో లేదు. ఆ రోజు మార్లిస్ కారు మెకానిక్ దగ్గర ఉంటే, పికప్ తీసుకుని డ్యూటీకి పోయింది. ఏరు పొంగకముందే వెర్లిన్ వంతెన దాటాడు. కూలిన ఇల్లు చూశాడు, బండి లేకపోవడం చూశాడు, ఇంట్లో మనిషి లేడని తీర్మానం చేసుకున్నాడు. తిన్నగా షెడ్డుకి పోయి ట్రాక్టర్ ఆడించి, ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో చూసుకుని, ఏరు పొంగుతోందని వెనక్కి పోయాడు. ఇదంతా ముక్కలు ముక్కలుగా, నేలకేసి చూస్తూ చెప్పాడు. మర్నాడు సంగతి తెలిశాక నోరు పెగల్లేదట.

"నేలమాళిగ తలుపు దాకా వెళ్ళావా?" అంది మార్లిస్.

"లేదు."

"ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, అన్నయ్యా అని పిలిచావా?"

వెర్లిన్ తల అడ్డంగా ఊపాడు.

"పిలిస్తే, ఒకవేళ అన్నయ్య పలికితే, ఏం మాట్లాడాలి వదినా? మార్చి నుంచి మాకు మాటల్లేవు. లేడులే, మంచిదే అయిందనుకున్నాను. పందులు నావి కూడా కదా, వాటి పని చూసి వెళ్ళిపోదామనుకున్నా."

మార్లిస్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. అన్నదమ్ములిద్దరూ ఒక్క కొట్టంలో పని చేస్తూ, ఒకడు పొద్దున మేత వేసి, ఇంకొకడు సాయంత్రం మేత వేసి, వాడికి చెప్పు వీడికి చెప్పు అని ఆవిడ చేత కబుర్లు మోయిస్తుంటే, మగవాళ్ళ మొండితనంలే, వానాకాలానికి కరుగుతుందిలే అని సరిపెట్టుకుంది. ఆ మౌనానికి ఖరీదు ఒక కాలు. అన్న ఉన్నాడేమోనని వీడు భయపడ్డాడు. ఉంటే పలకరించాల్సి వస్తుందని భయపడ్డాడు.

"పందులకి గాలి ఆడిందిరా వెర్లిన్. నీ అన్నకి ఆడలేదు," అంది. "నువ్వు వెలిగించిన లైటు చూసి, వచ్చే మనిషి కూడా వెనక్కి పోయాడు. నువ్వసలు రాకపోయినా బాగుండేది. నీ వెలుగు కన్నా చీకటే మేలు."

పెట్టెలో మిగిలింది ఒక్క గిన్నె. పగిలింది వేరేది, ఇది నీలంరంగు ఇనప గిన్నె, బరువైనది. అడుగున టేపు మీద ట్వైలా చేతిరాత. దాన్ని తీసింది గాని ఇవ్వలేదు. చేత్తో పట్టుకుని అలాగే గుమ్మం దాటి బయటికి నడిచింది. వెనక ఎవరో కుర్చీ జరిపిన చప్పుడైంది.

గేలెన్ బండిలో అలాగే కూర్చుని ఉన్నాడు. ఎండగా ఉందని తన వైపు అద్దం దింపుకున్నాడు. ఆవిడ మొహం చూడగానే విషయం పసిగట్టాడు, మళ్ళీ చేలకేసి తిరిగిపోయాడు. ఆ తిరగడం చూసి మార్లిస్‌కి ఏదో అనుమానం తగిలింది. కోపంతో ఊగిపోతూ వచ్చిన మనిషి కాస్తా తలుపు దగ్గర ఆగిపోయింది.

"వెర్లిన్ ఆ రాత్రి వచ్చాడు," అంది.

గేలెన్ ఏమిటి అనలేదు. ఎవరు చెప్పారు అనలేదు.

"నీకు తెలుసా?"

"ట్రాక్టర్ చప్పుడు వినిపించింది," అన్నాడు. "దాన్ని స్టార్ట్ చేసేటప్పుడు వాడు దాంతో మాట్లాడతాడు చూడూ. రావే ముసలిదానా, రావే బంగారం, అంటాడు. అది కూడా వినిపించింది. గాలి అప్పటికి పూర్తిగా ఆగిపోయింది."

మార్లిస్ కోటు జేబులో చెయ్యి పెట్టింది. ఈల తీసింది. ఎన్నో రోజులు దాన్ని పిడికిట్లో పట్టుకుని, ఎంత ఊదాడో, ఎంతసేపు ఊదాడో, దిక్కుమాలిన లోకానికి వినపడలేదు అని రాత్రిళ్ళు ఏడ్చింది. కిటికీలోంచి చెయ్యి పెట్టి అతని ఒళ్ళో పడేసింది.

"ట్రాక్టర్ మోతలో నీ ఈల వాడికి వినపడలేదు. అంతేగా? అంతే అని చెప్పు గేలెన్."

అతను ఈల చేతిలోకి తీసుకున్నాడు. తాడు వేలికి చుట్టుకున్నాడు.

"నోట్లో పెట్టుకున్నాను," అన్నాడు. "ఊదలేదు."

ఫైర్ హాలు తలుపు తెరుచుకుంది. వెర్లిన్ బయటికి వచ్చాడు. నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పలేదు, చేతుల నిండా పిండి. అతని వెనక గుమ్మంలో ఊరంతా నిలబడింది గాని ఒక్కళ్ళూ గడప దాటలేదు. వెర్లిన్ కంకర మీద తలొంచుకుని నడిచి వచ్చి, బండికి నాలుగడుగుల దూరంలో ఆగాడు. గేలెన్ కూర్చున్న వైపే ఆగాడు. మార్చి తర్వాత అన్నదమ్ములిద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవడం అదే మొదటిసారి.

గేలెన్ చెయ్యి మెల్లిగా కిందికి పోయింది. పాత బండి, కిటికీ అద్దం చేత్తో పిడి తిప్పితే లేస్తుంది. ఆ పిడి పట్టుకున్నాడు.

మార్లిస్ నీలం గిన్నెని రెండు చేతుల్తో ఎత్తింది.

"ఆ అద్దం వేలెడు పైకి లేచిందంటే దీంతో పగలగొడతాను గేలెన్. ఒకడు పిలవలేదు, ఒకడు పలకలేదు, నా ఇల్లు మీ ఇద్దరి మధ్యా గోతిలో పడింది. మార్చిలో ఏమైందో ఇవాళ ఇక్కడ, ఈ ఎండలో, నాకు చెప్పాలి. రేపు వచ్చే లారీ ఆగుతుందో తిరిగిపోతుందో దాన్నిబట్టి."

వెర్లిన్ అన్న చేతికేసి చూశాడు. గేలెన్ చెయ్యి పిడి మీద నుంచి తియ్యలేదు.

(మిగతా వచ్చే వారం)